మచిలీ కమాను క్రింద తాజా చేప

పత్తర్‌గట్టీ వీధిని పట్టుకొని చార్మినారు వైపు నడిచేవారికి మొట్టమొదట ఎదురయ్యే పెద్ద తోరణం మచిలీ కమాను. 1591లో చార్మినారు వెలసిన పిమ్మట, గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులా నిలిపిన నాలుగు కమానులలో ఇది ఉత్తరపు దిక్కుది. మచిలీ అంటే చేప. కుతుబ్‌షాహీల కాలంలో అది శుభానికీ సమృద్ధికీ గుర్తు. ఆ రాజ్యపు పెద్ద రేవు మచిలీపట్టణం పేరులోనూ చేపయే ఉన్నది. అయితే ఆ రేవుకూ ఈ కమానుకూ నడుమ మూడు వందల కిలోమీటర్లకు పైబడిన నేల ఉన్నది. అందుచేతనే కాబోలు, కమాను పరిసరాలలో ఈనాడు పేరుపొందినవి చేపలు కావు, ముత్యాలు. ముత్యమూ నీటి బిడ్డయే. కాని ఎన్ని సముద్రాలు దాటి వచ్చినా దాని వెల చెడదు. చేపకు ఆ భాగ్యం లేదు. నీటిని విడిచిన ఘడియ నుండి దాని విలువ కరిగిపోతూనే ఉంటుంది.

ఇటువంటి మెట్టప్రాంతపు నగరంలో తాజా చేప, అందునా మన నీటిలో పెరిగిన చేప, భోజనశాలలో దొరుకుతుందా? ఈ ప్రశ్న నాలుకకు మాత్రమే సంబంధించినది కాదని కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది.

చార్మినారు చుట్టుపట్ల భోజనశాలల కీర్తి అంతా మాంసం మీద నిలిచినది. తెల్లవారుజామున నిహారీ, మధ్యాహ్నం బిర్యానీ, రంజాన్ నెలలో హలీం. చేప ఇక్కడ గృహస్థు కాదు, అతిథి. అతిథిని ఏ ఊరని గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదంటారు. ఈ అతిథి విషయంలో మాత్రం అడిగి తీరవలసినదే. కాని అడిగితే వచ్చే జవాబు మనకు ముందే తెలుసు. “చేప తాజాయేనా, భాయ్?” అంటే “ఏక్‌దం తాజా, సాబ్!” అనే మాట తప్ప మరొకటి వినబడదు. నీటి నుండి తాజాగా వచ్చినదా, మంచుపెట్టె నుండి తాజాగా వచ్చినదా, మూకుడు నుండి తాజాగా వచ్చినదా అనే వివరం ఆ మాటలో ఇమడదు.

హైదరాబాదు భోజనశాలలలో విశేషంగా ప్రచారంలోకి వచ్చిన చేప వంటకం అపోలో ఫిష్. ఎముక తీసిన ముక్కలను వేయించి, పెరుగు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు చేర్చి వడ్డిస్తారు. రుచికి లోటు లేదు. చిక్కు అంతా ఆ ఎముక తీయడంలోనే ఉన్నది. చేప తన వయసును చెప్పే చోట్లు నాలుగే: కన్ను, మొప్ప, చర్మం, వాసన. తాజా చేప కన్ను ఉబ్బి, తేటగా మెరుస్తుంది. పాతబడినకొద్దీ మసకబారి లోపలికి క్రుంగుతుంది. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వ్రేలితో నొక్కితే కండ మరల పైకి లేవాలి. తల, తోలు, ఎముక తీసివేసి, మసాలా పట్టించి వేయించిన ముక్క ఈ సాక్ష్యాలన్నిటినీ పోగొట్టుకొని మన ముందుకు వస్తుంది. అది మన కొరమీను కావచ్చు. వియత్నాం నుండి గడ్డకట్టి వచ్చిన ‘బాసా’ కావచ్చు. ఆ జాతికే చెందిన పంగస్ కావచ్చు. ఈ పంగస్‌ను ఇప్పుడు ఆంధ్రదేశపు చెరువులలోనూ పెంచుతున్నారు. పళ్లెంలో వీటిని వేరుపరచగలవారు బహు కొద్దిమంది.

సముద్రం లేని మన పూర్వులు ఈ చిక్కును ఎట్లా విప్పుకొన్నారు? మంచు లేని కాలంలో వారు మంచుతో పని లేని చేపను ఎన్నుకొన్నారు. అదే కొరమీను. దీనికి మొప్పలతో పాటు తలభాగంలో గాలిని పీల్చుకొనే అవయవం కూడా ఉన్నది. ఒంటి తడి ఆరకుండా చూచుకొంటే నీటి బయట గంటల తరబడి బ్రతకగలదు. చెరువులో పట్టినది తొట్టిలో ప్రాణంతోనే అంగడికి వస్తుంది. మూసీ దాటి బేగం బజారు చేపల అంగడికి వెళితే, తొట్టెలలో మెలికలు తిరిగే కొరమీనులను నేటికీ చూడవచ్చు. అక్కడ కొనేవారి ప్రశ్న వేరు, జవాబు వేరు. “ఏ చెరువుదవ్వా ఇది?” అంటే “సింగూరుది బిడ్డా, చూడు, ఎట్ల ఎగురుతున్నదో!” అంటుంది అమ్మే అవ్వ. బ్రతికి ఉన్న చేపకు మించిన పూచీ ఏమున్నది? తెలంగాణ ప్రభుత్వం కొరమీనును రాష్ట్రపు చేపగా ప్రకటించడం ఉచితమే.

అయితే అవ్వ చెప్పిన ఊరు ఏదో గమనించాలి. సింగూరు, నిజాంసాగరు, మంజీర, ఇవేవీ నగరపు నీళ్లు కావు. చార్మినారుకు దగ్గరి చెరువు మీరాలం. పంతొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో, దివాను మీర్ ఆలం పేరిట, ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులను వరుసగా పేర్చి కట్టిన ఆ ఆనకట్ట ఇంజనీర్లు నేటికీ మెచ్చుకొనే కట్టడం. 1920లో ఉస్మాన్‌సాగరు సిద్ధమయ్యేవరకు పాతనగరం త్రాగునీటికి ఆధారపడినవాటిలో అది ముఖ్యమైనది. పుర ప్రజలు త్రాగిన ఆ నీటిలోనికి ఇప్పుడు మురుగు చేరుతున్నది. గుర్రపుడెక్క దానిని కప్పుతున్నది. ఇక మూసీ సంగతి చెప్పనే అక్కరలేదు. ఊరికి అత్యంత సమీపంలో పట్టిన చేపనే ఊరివారు తినడానికి జంకవలసి వచ్చినది. ఒకప్పుడు ‘తాజా’, ‘మన ఊరిది’ అనే రెండు మాటలకు ఒకే అర్థం ఉండేది. నేడు ఆ రెండు మాటలూ విడిపోయినవి. తాజాదనం కోరేవారు దూరపు నీటిని వెదకవలసి ఉన్నది.

మృగశిర కార్తె నాడు ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. జూన్ రెండవ వారం ఆరంభంలో వచ్చే ఆ రోజున చేప తినడం తెలంగాణమంతటా ఆచారం. బత్తిని కుటుంబం ఉబ్బసానికని చిన్న కొరమీను నోట మందు పెట్టి మ్రింగించే వాడుకకు జన్మస్థానం కూడా ఈ పాతనగరంలోని దూద్‌బౌలీయే. ఆ మందు గుణాన్ని వైద్యశాస్త్రం ధ్రువపరచలేదు గాని, తొలకరికీ చేపకూ మనవారు ముడిపెట్టిన సంబంధం ఎంత గాఢమైనదో అది తెలుపుతుంది. సరిగా ఆ దినాలలోనే, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, తూర్పుతీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని అరువదియొక్క దినాల విరామం ఇస్తారు. కాబట్టి ఆనాడు భోజనశాలలో “ఈ ఉదయమే విశాఖ నుండి వచ్చిన సముద్రపు చేప” అని ఎవరైనా అంటే, వినేవారు తేదీని ఒకసారి తలచుకొనడం మంచిది. చిన్న పడవలవారు తెచ్చినది కొద్దిగా ఉండవచ్చు. తక్కిన పళ్లెములలోనివి చాలా వరకు చెరువు చేపలో, నెలలనాడు గడ్డకట్టించినవో అయి ఉండాలి.

ఇది మెట్టప్రాంతపు దుర్గతి మాత్రమే అనుకొనరాదు. కరిబియన్ సముద్రంలో నలువైపులా నీరు గల జమైకా ద్వీపం ఉన్నది. అక్కడి జాతీయ వంటకం ఆకీ అనే పండుతో వండే ఉప్పుచేప. ఆ చేప జమైకా జలాలలో పుట్టదు. అది ఉత్తర అట్లాంటిక్ చలినీటిలోని కాడ్. బానిసలకు చౌకగా మేపడానికని చెరకుతోటల యజమానులు దిగుమతి చేసిన ఆ ఉప్పుచేప, కాలక్రమాన ద్వీపవాసుల అభిమాన భోజనమైనది. ముంగిట సముద్రం ఉన్నంత మాత్రాన పళ్లెంలోనికి ముంగిటి చేప రాదు. ఏ చేప వస్తుందో నిర్ణయించేది వర్తకపు దారి.

మన దారి కొల్లేటి సీమ నుండి వస్తున్నది. బొచ్చె, రవ్వ చేపలు మంచు పరచిన పెట్టెలలో రాత్రికి రాత్రి లారీలెక్కి నగరం చేరుతున్నవి. మంచులో చక్కగా ఉంచిన చేప నిందార్హం కాదు. ఎండలో పడి ఉన్న దగ్గరి చేపకంటె చల్లగా వచ్చిన దూరపు చేపయే మేలు. మంచుకు బదులు మందు పూయడమే నేరం. 2018లో కేరళలో ఫార్మలిన్ కలిసిన చేపలు పట్టుబడి అలజడి రేగినది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ ఆ మందును నిమిషాలలో పట్టియిచ్చే కాగితపు పట్టీలను రూపొందించినది.

ఇక భోజనప్రియునికి చేయదగిన పని ఏమి? ఎముక లేని ముక్క కంటె ముల్లున్న ముక్కను కోరడం, వండక ముందు చేపను నిండుగా చూపించే చోటు వెదకడం, “తాజాయేనా?” అని కాక “ఏ నీటిది, ఎప్పుడు వచ్చినది?” అని అడగడం. మొదటి ప్రశ్నకు అందరూ జవాబు చెప్పగలరు. రెండవదానికి తెలిసినవాడే చెప్పగలడు. తెలియదని నిజాయితీగా చెప్పేవాని అంగడి కూడా మంచిదే.

అంతకంటె పెద్ద పని నగరవాసులందరిదీ. 2016 నుండి ప్రభుత్వం చెరువులలో ఉచితంగా చేపపిల్లలను విడుస్తున్నది; మత్స్య సహకార సంఘాలు వాటిని పట్టుకొని జీవిస్తున్నవి. పల్లె చెరువుకు కలిగిన ఈ ఆదరం పట్నపు చెరువుకూ కలగాలి. మురుగును మళ్లించి మీరాలం నీటిని శుభ్రపరచిననాడు, మచిలీ కమానుకు కూతవేటు దూరంలో పట్టిన కొరమీనును జంకు లేకుండా తినవచ్చు. భోజనశాలలో తాజా చేప కావాలని మనం కోరడమంటే, ఊరికి మంచి చెరువు కావాలని కోరడమే.