వానలు తగ్గాక పెరటికి ఏ ఎరువు?

నైరుతి వానలు తగ్గి శరదృతువు వచ్చేసరికి మన ఇళ్ల చుట్టూ ఉన్న నేల బలం తగ్గి ఉంటుంది. జూన్ నుండి కురిసిన వానలకు నేలలోని నత్రజని కొంత నీటితోబాటు అడుగుకు దిగిపోతుంది. పైమన్ను బిగుసుకొని పెచ్చు కడుతుంది. సరిగ్గా ఈ రోజులలోనే మనము వంగ, టమాటా నారు నాటుతాము. ఇంటి ముందు, బడి ఆవరణలో గరిక కూడా అక్కడక్కడ పలచబడి కనిపిస్తుంది. సేంద్రియ ఎరువు ఏదైనా వేద్దామని బజారుకు వెళితే రకరకాల బస్తాలు ఎదురవుతాయి. వాటి పని ఒకటి కాదు, ధర ఒకటి కాదు, వాటితో వచ్చే అపాయమూ ఒకటి కాదు. గనుక డబ్బు చెల్లించకముందే కొంత ఆలోచించుట మంచిది.

ముందుగా మన నేలకు ఏమి కావాలో చూచుకొందాము. పశువుల ఎరువు, కంపోస్టు, వానపాముల ఎరువు ముఖ్యంగా నేలను బాగుచేస్తాయి. గట్టి నేలను గుల్లబరుస్తాయి, ఇసుక నేలలో తేమను నిలుపుతాయి. అయితే వాటిలో నత్రజని తక్కువ. నూరు కిలోల పశువుల ఎరువులో సుమారు అరకిలో, వానపాముల ఎరువులో కిలో నుండి కిలోన్నర వరకు ఉంటుంది. పిండి ఎరువుల సంగతి వేరు. నూరు కిలోల ఆముదం పిండిలో 4 కిలోలకు పైగా, వేపపిండిలో సుమారు 5 కిలోలు, వేరుసెనగ చెక్కలో సుమారు 7 కిలోల నత్రజని ఉంటుంది. తేమ ఉన్న నేలలో ఇవి కొద్ది వారాలలోనే మొక్కకు అందుతాయి. కాని నేలను గుల్లబరచుటకు వేసే కొద్దిపాటి పిండి చాలదు.

కాబట్టి పశువులున్న ఇంటివారు మొదట తమ పెంటకుప్పనే చూచుకోవాలి. అవసరమైతే కొద్దిగా పిండి కొంటే చాలును. పశువులు లేనివారు, గట్టి నేల ఉన్నవారు పిండి బస్తా కంటె ముందు మాగిన ఎరువును సంపాదించుట మేలు.

బస్తా కొనేటప్పుడు దానిమీద ముద్రించిన నత్రజని శాతం చూడండి. 5 శాతం ఉన్న 50 కిలోల బస్తాలో రెండున్నర కిలోల నత్రజని ఉంటుంది. 1 శాతం ఉన్న బస్తాలో అరకిలో మాత్రమే. రెండూ ఒకే ధరైతే, నత్రజని కోసం మనము రెండవదానికి అయిదు రెట్లు చెల్లించినట్లే.

పెంటకుప్ప నుండి తెచ్చే ఎరువు బాగా మాగిందో లేదో చేతితోనే తెలుసుకోవచ్చు. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. దుర్వాసన ఉండదు, కుప్పలో చేయి పెడితే వేడి తగలదు, గడ్డిపోచలు గుర్తుపట్టలేనట్లు చివికిపోయి ఉంటాయి. పచ్చిపేడ వేస్తే కలుపు విత్తనాలు, వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి. అందులోని గడ్డి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకొంటాయి. ఎరువు వేసినా మొక్క పసుపుబారుటకు ఇది ఒక కారణము. పచ్చి కోళ్లఎరువైతే లేత వేళ్లను మాడ్చివేస్తుంది.

ఒక్క విషయంలో తల్లిదండ్రులు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఆముదం గింజలోని రిసిన్ అనే విషము నూనె తీసిన తరువాత పిండిలోనే మిగులుతుంది. వేడితో దానిని సరిగా విరిచివేయని పిండిని తింటే మేకలు, కుక్కలు, పశువులు చనిపోవచ్చు. పిల్లలకూ అపాయమే. కనుక ఆముదం పిండిని పైన చల్లి వదలివేయరాదు, మట్టిలో కలిపి కప్పివేయాలి. బస్తాను దాణా బస్తాల ప్రక్కన ఉంచవద్దు. మేకలు మేసే గరిక మీద, పిల్లలు ఆడుకొనే చోట అసలే వాడవద్దు. పశువు తిన్నదని అనుమానం వస్తే వాంతులు, విరేచనాలు మొదలయ్యేదాకా ఆగక వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొని వెళ్లాలి.

కూరమళ్లకు సెంటుకు నూరు కిలోల మాగిన పశువుల ఎరువు వేయవచ్చు. అంటే ఎకరానికి 10 టన్నుల లెక్క. దానితోబాటు సెంటుకు ఒకటి రెండు కిలోల వేపపిండి కలిపితే వంగ, టమాటా వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు కొంత అదుపులో ఉంటాయి. నెల్లూరు, ప్రకాశం వంటి జిల్లాలలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు పడతాయి గనుక అక్కడివారు పిండిని ఒకేసారి వేయక రెండు మూడు విడతలుగా వేసుకోవాలి.

గరికకు మాగిన ఎరువును జల్లించి, గడ్డి కొనలు పైకి కనబడేటట్లు పలుచగా చల్లి నీరు పెట్టితే సరిపోతుంది. విదేశాలలోని మన బంధువులు శరదృతువులోనే పచ్చికకు ముఖ్యమైన ఎరువు వేస్తామని చెబుతుంటారు. వారున్న చలిదేశాలలో పెరిగే గడ్డి జాతులు వేరు. మన గరిక ఎండను కోరేది, డిసెంబరు, జనవరి చలికి మందగిస్తుంది. కనుక అక్టోబరులో ఒకసారి పలుచగా వేసి, మిగిలిన ఎరువును కూరమళ్లకు ఉంచుకొనుట లాభము.

ఈ ఏడు బజారుకు వెళ్లకముందు పెరట్లో పిడికెడు మన్ను తీసి చూడండి. నేల బిగుసుకొని ఉన్నదా, ఆకు వెలవెలబోతున్నదా గమనించి, ఆ తరువాతే దేనికి డబ్బు పెట్టాలో ఇంటిల్లిపాది కూర్చొని నిర్ణయించుకోండి.