కొండకు కావలి

అనంతపురం కొండల మీద అడవి లేవాలంటే మొక్కల కంటే ముందు కావలివాళ్ళు కావాలి. కల్పవల్లి కథలో ఇదే అసలు సంగతి.

చెన్నేకొత్తపల్లికి దగ్గర్లో ముష్టికోవెల అనే ఊరుంది. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం. అది కూడా ఒక్కోసారి నాలుగు రోజుల్లో కుమ్మరించి, మట్టిని వెంటేసుకుని పోతుంది. 1990ల మొదట్లో ఊరి పైనున్న కొండలన్నీ రాళ్ళు తేలి ఉండేవి. ఊరివాళ్ళు వాటిని కాపాడుకోవాలనుకున్నారు. 1990లో ఆ పక్కనే మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడు నిలిచింది. చుట్టుపక్కల ఊళ్ళూ కలిశాయి. ఇప్పుడు వాళ్ళ కాపలాలో ఉన్నది వేల ఎకరాలు. ఆ అడవి పేరే కల్పవల్లి.

చెట్టును నరికినా వేరు అంత త్వరగా చావదు. గొడ్డలి, మేక, అగ్గి మూడూ దూరంగా ఉంటే మోడు మళ్ళీ చిగురిస్తుంది. విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు, వంకలకు అడ్డంగా రాతికట్టలు వేశారు. కానీ నా లెక్కలో ఎక్కువ పని చేసింది ఆ వేళ్ళే. గొడ్డలి, మేక, అగ్గి మూడింట్లోనూ అగ్గి మొండిఘటం. ఎండుగడ్డిని కాలిస్తే తొలకరికి లేతగడ్డి వస్తుందని కాపరులంటారు. అందులో నిజం లేకపోలేదు. అయితే ఆ మంటలో నిన్నమొన్నటి మొలకలూ బూడిదవుతాయి. అందుకే ఎండలు ముదరకముందే గడ్డి చెక్కి, మంట దాటకుండా బాటలు తీస్తారు. ఎక్కడ పొగ లేచినా పచ్చికొమ్మలు విరుచుకుని పరుగెత్తుతారు. గడ్డి కోసేవాళ్ళు, కల్లు గీసేవాళ్ళు కట్టే చిన్నపాటి రుసుము ఈ కాపలాకు ఆసరా.

అడవీ, ఆరోగ్యమూ అనగానే మనకు నగరంలో నడకబాట గుర్తొస్తుంది. వారానికి రెండు గంటలు ప్రకృతిలో గడిపేవాళ్ళలో ఒంట్లో, మనసులో బాగుందని చెప్పేవాళ్ళు ఎక్కువని 2019లో ఇంగ్లండులో దాదాపు 20 వేలమందిపై చేసిన అధ్యయనం తేల్చింది. మంచిదే. కానీ పొద్దంతా జీవాల వెంట తిరిగే మనిషికి నడవమని ఎవరు చెప్పాలి? ఇక్కడ ఒంటికీ మనసుకీ నెమ్మది మరోలా వస్తుంది. గడ్డి పట్టిన నేలలో వాన ఇంకుతుంది, వంక ఇంకొన్నాళ్ళు పారుతుంది. వంకల వెంబడి ఈతచెట్లు దట్టమయ్యాయి. ఈతాకుతో చాపలు, బుట్టలు అల్లే ఆడవాళ్ళకు వేరుశనగ పండని ఏడాదీ నాలుగు డబ్బులుంటాయి. ఇంటి కప్పుకు బోదగడ్డి, పిల్లల నోటికి సీతాఫలాలు, రేగుపళ్ళు. కూలి కోసం బెంగళూరు బస్సు ఎక్కడం ఒక్క నెల వాయిదా పడ్డా, ఇంటి ముసలివాళ్ళకు అది మందుకంటే ఎక్కువ.

అన్నీ తీపి కబుర్లే కావు. తోడేళ్ళూ తిరిగొచ్చాయి. గొర్రెపిల్లను పోగొట్టుకున్న కాపరి అడవిని తిట్టుకుంటే తప్పుపట్టలేం.

అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. రెవెన్యూ రికార్డుల్లో ఆ కొండలు బంజరే. అందుకే 2010 తర్వాత అక్కడ గాలిమరలు లేచాయి. వాటికోసం కొండలు తొలిచి రోడ్లు వేస్తే, జారిన మట్టి వంకల్లోకి చేరింది. తగవు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి కరెంటు వద్దని ఎవరూ అనరు. కాకపోతే ఎవరి చెమటతో పచ్చబడిందో ఆ ఊళ్ళను అడగకుండా కొండను ఇంకొకరికి రాసివ్వడం అన్యాయం. ఇంకో కొండను ఇలాగే నిలబెట్టాలని ఏ ఊరికైనా ఉంటే, మొక్కల కంటే ముందు మండలాఫీసులో ఆ రికార్డు చూసుకోవాలి.