బులీమియా: గుర్తింపు, చికిత్స

వసతిగృహం బాధ్యత చూచిన రోజులలో, భోజనం కాగానే స్నానాలగదికి పోయి వాంతి చేసుకొను ఒక విద్యార్థికి 'మితంగా తినుము' అని హితవు చెప్పితిమి. అది తిండిపోతుతనం కాదనీ, వ్యాధి అనీ తరువాత తెలిసినది.

గ్రీకులో 'బౌస్' అనగా ఎద్దు, 'లీమోస్' అనగా ఆకలి. పేరే మనలను తప్పుదారి పట్టిస్తుంది. 1979లో లండన్ మనోవైద్యుడు జెరాల్డ్ రస్సెల్ 30 మంది రోగులను పరిశీలించి దీనిని 'బులీమియా నెర్వోసా' అన్నాడు. రోగులు అదుపు తప్పి విపరీతంగా తింటారు. పిదప లావెక్కుదుమన్న భయంతో కక్కివేస్తారు, విరేచనాల మందులు మ్రింగుతారు, లేదా పస్తుంటారు. స్త్రీలలో ఎక్కువ, పురుషులకూ వస్తుంది.

బరువు తరచు మామూలుగానే ఉండుటచే కన్నతల్లి కూడ కనిపెట్టలేదు. కాని గొంతులోనికి వ్రేళ్లు పోనిచ్చునపుడు పళ్లు ఒరిసి కణుపులపై కాయలు కాస్తాయి. ఇదే 'రస్సెల్ చిహ్నం'. చెంపల గ్రంథులు ఉబ్బుతాయి. ఆమ్లం వలన పళ్లపై ఎనామిల్ అరుగుతుంది. (వాంతి అయిన వెంటనే పళ్లు తోమరాదు, నీటితో పుక్కిలించవలెను.) రక్తంలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు.

చికిత్స ఉన్నది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన మానసిక చికిత్సలో రోగి తిన్నదంతా వ్రాసుకొని, మూడు నాలుగు గంటలకొకసారి వేళ తప్పక తినవలెను. పస్తే మరల అతితిండికి దారి తీస్తుంది గదా! దాదాపు 20 వారాలు పడుతుంది. అవసరమైతే వైద్యులు ఫ్లూవాక్సెటీన్ ఇస్తారు.

విద్యార్థులారా, అట్టి మిత్రుని పదిమందిలో నిలదీయక, వైద్యుని వద్దకు తోడు వెళ్లండి. వసతిగృహ సిబ్బందికి ఈ గుర్తులు తెలుపుటకు ఏటా ఒక మనోవైద్యుని పిలిపించవలెనని కమిటీ వారిని కోరుచున్నాము.