విరిగిన పిస్టను చెప్పే లెక్క

మోటారు సైకిలు వేగం మాట వస్తే ఎన్ని సీసీ, ఎంత పవరు అని అడగడం మనకు అలవాటు. నేల మీద వేగం రికార్డుల కోసం బండి కట్టేవాళ్లు ఆ ప్రశ్న దగ్గరికి ఆలస్యంగా వస్తారు. వాళ్ల మొదటి శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డగింపు నాలుగింతలవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలు. మామూలు బండి మీద నిటారుగా కూర్చుని గంటకు 100 కిలోమీటర్లు పోతే గాలికి పోయేది సుమారు తొమ్మిది అశ్వశక్తి. అదే భంగిమలో 300 అందుకోవాలంటే 27 రెట్లు, 230 పైచిలుకు అశ్వశక్తి కావాలి. బండినీ మనిషినీ చేప ఆకారం తొడుగులో ఇమిడ్చి గాలి పట్టును నాలుగో వంతుకు తెస్తే అరవై చాలు. ఆ అరవైని పాత ఇంజను నుంచి కూడా పిండుకోవచ్చు, విరగకుండా నిలబడితే. అంటే ఇది డబ్బు పెట్టి కొనుక్కునే వేగం కాదు. రేకు వంచడం, పోత పోయడం, లేతు మీద తిప్పడం తెలిసిన చేతుల పని. అందుకే జంషెడ్‌పూర్‌లో టెల్కో టౌన్‌షిప్పు పక్కనున్న గోవింద్‌పూర్‌లాంటి చోట ఈ మాట ఎత్తడం వింతేమీ కాదంటాను.

వేగం చేతిపనే అనడానికి పెద్ద సాక్ష్యం న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో. ఆయన 1920లో కొన్న ఇండియన్ స్కౌట్ బండి 600 సీసీది. కొన్ననాడు దాని గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్లు, మన లెక్కలో 90 కిలోమీటర్ల లోపే. 1967లో, 68 ఏళ్ల వయసులో, అదే బండిని 950 సీసీకి పెంచి అమెరికాలోని బానవిల్ ఉప్పు మైదానం మీద 184 మైళ్లు, అంటే 296 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. (సగటు తీయడంలో జరిగిన చిన్న పొరపాటును 2014లో, ఆయన పోయిన 36 ఏళ్లకు సరిదిద్దారు. పెరిగింది అర మైలే.) పాత డబ్బాలను అచ్చులుగా పెట్టి పిస్టన్లు పోశాడు. కనెక్టింగ్ రాడ్లను ట్రాక్టరు ఇరుసు నుంచి చెక్కాడు. కొలతకు మైక్రోమీటరు బదులు పాత చక్రం పుల్లను వాడేవాడని చెబుతారు. అన్నిటికన్నా గమనించవలసింది ఆయన షెడ్డులోని ఒక అలమర. పగిలిన పిస్టన్లు, విరిగిన రాడ్లు అన్నీ అందులో పేర్చి, వేగదేవుడికి నైవేద్యాలని పేరు పెట్టాడు. హాస్యంగా పెట్టిన పేరే కానీ, ఆయన చదువంతా ఆ అలమరలోనే ఉంది.

ఎందుకంటే, నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను సెకనుకు 200 సార్లు ఆగి వెనక్కి మళ్లుతుంది. ఆ లాగుడూ తోపుడూ రాడ్డు భరించాలి. ఒక్క దెబ్బకు విరగని ఉక్కు, లక్షల చిన్న దెబ్బలకు అలిసిపోయి విరుగుతుంది. పగులు మొదలయ్యేది సాధారణంగా పదునైన మూల దగ్గరో, రంధ్రం అంచునో, పనిముట్టు విడిచిన సన్నని గాటు దగ్గరో. అలసి విరిగిన ముక్క మీద అలల్లాంటి గీతలుంటాయి. ఒక్కసారిగా తెగిన చోట గరుకుగా ఉంటుంది. అది చదవగలిగినవాడు మూలను గుండ్రం చేస్తాడు, రాడ్డును అద్దంలా నునుపు చేస్తాడు, మరో వెయ్యి చుట్లు సంపాదిస్తాడు. ఇలా లోహాన్ని చదివే ఊరు మన దేశంలో ఏదంటే, జంషెడ్‌పూర్‌నే చెప్పుకోవాలి. 1950లో మొదలైన జాతీయ లోహ పరిశోధనశాల ఉన్నది ఇక్కడే. ఫ్రేముకు కావలసిన ఉక్కు గొట్టాలు టాటా వారివి, బేరింగులు టిమ్‌కెన్‌వి, రెండూ ఈ ఊళ్లో తయారయ్యేవే. డైలు, అచ్చులు చేయడం నేర్పే ఇండో డానిష్ టూల్ రూమ్ గమ్హారియాలో ఉంది. 1945లో రైలింజన్ల కోసం పుట్టి 1954లో లారీలు కూడా మొదలుపెట్టిన టెల్కో చుట్టూ ఎదిగిన కార్మిక కుటుంబాలలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన మనవాళ్లూ తక్కువేమీ కాదు.

మన్రోది వందేళ్ల కిందటి ఇంజను కథ, ఇప్పుడు కంపెనీలదే రాజ్యం అనవచ్చు. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కాంటినెంటల్ జీటీ 650 మీద కేలా రివాస్ అనే 18 ఏళ్ల అమ్మాయి అదే బానవిల్‌లో 157 మైళ్ల వేగం అందుకుంది. షోరూములో ఆ బండి ఇంజను శక్తి 47 అశ్వశక్తి. ఇంజను మనది, కానీ దాన్ని రికార్డుకు తీర్చిదిద్దింది అమెరికాకు చెందిన ఎస్ అండ్ ఎస్ సైకిల్, బ్రిటన్‌కు చెందిన హారిస్ పెర్ఫార్మెన్స్. ఈ హారిస్‌ను 2015లో ఎన్‌ఫీల్డే కొనుక్కుంది. కంపెనీ డబ్బు కూడా చివరికి చిన్న షెడ్డు నైపుణ్యాన్నే వెతుక్కుంటూ వెళ్లిందని నాకు అనిపిస్తుంది.

ప్రాణాపాయం సంగతి అంత తేలిగ్గా తీసెయ్యలేం. అంత వేగంలో హ్యాండిలు ఊగడం మొదలైతే మనిషి చేతిబలం పనికిరాదు. బాణానికి ఈకలు వెనకే ఎందుకు కడతారో అదే సూత్రం ఇక్కడా: గాలి తోపు పడే చోటు బరువు కేంద్రానికి వెనక ఉండాలి. ముందుంటే బండి అడ్డం తిరుగుతుంది. ఇది ముందు కాగితం మీద తేల్చుకోవలసిన విషయం. రికార్డు పోటీలో తనిఖీ అయ్యాకే బండిని వదులుతారు. ఎదురుగా వాహనం ఉండదు. అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. రోడ్డు మీద సైలెన్సరు పీకేసి తిరిగే కుర్రవాడి బండికీ దీనికీ పోలికే లేదు. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చిన బండిని రోడ్డెక్కించడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఇక మైదానం. మనకు బానవిల్ లేదు, నిజమే. బ్రిటన్‌కూ లేదు. అక్కడ ఎల్వింగ్టన్‌లోని మూడు కిలోమీటర్ల పాత సైనిక రన్‌వే మీద వేగం కొలుస్తారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బీ-29 బాంబర్లు ఎగిరిన చాకులియా రన్‌వే జంషెడ్‌పూర్ ఉన్న తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే ఉంది. రన్‌వే ఉన్నంత మాత్రాన చాలదు. ఉపరితలం సరిచేయాలి, అనుమతులు కావాలి, మోటారు క్రీడల సమాఖ్య ఒప్పుకోవాలి. కానీ బండి కట్టడానికి ఏళ్లు పడుతుంది. మైదానం దొరికేదాకా ఆగనక్కర్లేదు. గోవింద్‌పూర్‌లో రిటైరైన టర్నరు ఇంట్లో ఉంటే, ఇంజినీరింగు చదివే మనవడికి ఈసారి విరిగిన పిస్టను ఒకటి తెచ్చి చూపించండి. తుక్కువాడికి తూచేముందు, పగులు ఎక్కడ మొదలైందో ఇద్దరూ కలిసి వెతకండి.