రేవున నాహారనిధి

ఏటేట ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వఱకు విశాఖ చేపలరేవున మరపడవలు కదలవు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే నీ 61 దినముల నిషేధము న్యాయమే. వేటకు బోవువారికి ప్రభుత్వమిచ్చు భృతి 2025లో 20,000 రూపాయలైనది. సంతోషము. కాని యది పడవ నెక్కువారిది. మంచుగడ్డలు మోయు కూలీల మాటయేమి? తట్ట నెత్తిన బెట్టుకొని వీథుల దిరుగు స్త్రీల మాటయేమి? పడవ నిలిచిననాడే వారి కూలియు నిలుచును.

వీరికొఱకు రేవున నొక యాహారనిధి యుండవలెనని మా యభిప్రాయము. అమెరికాలోని ఫీనిక్సు నగరమున నిట్టిది 1967లోనే వెలసినది. మనకు మాత్రము క్రొత్తయా? డొక్కా సీతమ్మగారు గోదావరి లంకలలో వచ్చినవారికెల్ల నన్నము పెట్టిరి. ఆమెకు సంఘము లేదు, చిట్టా లేదు. రెండు నెలలు వందల యిండ్లకు బియ్యము పంచవలెనన్న రెండును గావలయును.

సంఘసభ్యత్వమనగా దండలు వేయించుకొనుట గాదు. జీతము లేక మూటలు తూచుట, లెక్క వ్రాయుట, ఎవరికి ముందో యెవరికి వెనుకో చెప్పి నిష్ఠురమోర్చుట. వర్తకులు, ఉపాధ్యాయులు నెలకు రెండు సాయంకాలము లీయగలరు. అయితే సగము పీటలు రేవు స్త్రీలవి కావలెను. ఏ యింట పొయ్యి రాజలేదో వారెఱుగుదురు; మేమెఱుగము. మార్చిలోనే వారిని బిలిచి యా పేర్లు వ్రాయింపవలెను.