ఈసీయూ మార్చే ముందు మీటరు పట్టండి!

టమాటా లోడుతో వెళ్తున్న పికప్ ఆగిపోయింది. స్కానర్ పెడితే ఈసీయూ పలకట్లేదు. ‘కంప్యూటర్ పోయింది, మార్చేద్దాం’ అనడం తేలికే. కానీ కొత్తది వేలల్లో ఉంటుంది. తీరా మార్చాక తప్పు తుప్పు పట్టిన ఎర్త్ వైరుదని తేలితే? ఓనర్ మళ్లీ మీ షెడ్డు గడప తొక్కడు.

ముందు మల్టీమీటర్ తీయండి. బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గరుందా? ఫ్యూజు, రిలే, ఎర్త్ బాగున్నాయా? సెన్సార్లకు 5 వోల్టులు రాకపోతే వాటిని ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఏది తీయగానే వోల్టేజీ తిరిగొస్తే షార్ట్ అక్కడే, ఈసీయూ మంచిదే.

నిజంగా పోయిందని తేలితే, బ్యాటరీ నెగెటివ్ తీశాకే కనెక్టర్ ముట్టుకోండి. అదే పార్ట్ నంబర్‌ది వేయండి. బిగించగానే పనైపోదు. ఇమ్మొబిలైజర్ ఉంటే తాళం మ్యాచ్ చేయాలి. కామన్ రైల్ డీజిల్ బండ్లు చాలావాటిలో ఇంజెక్టర్ల కోడ్లూ ఎక్కించాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక బండ్లలో సెన్సార్లు పెరిగాయి. ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చేస్తున్నారా? స్పానర్‌తో పాటు వైరింగ్ డయాగ్రామ్ చదవడమూ పట్టుకోండి. పార్టు మార్చేవాళ్లు వీధికొకరు; తప్పెక్కడో చూపేవాళ్లకే గిరాకీ.