పూలతీగ నేలబారుగా ఎందుకు పాకుతుంది?

ఉప్పాడ వంటి తూర్పు తీరపు ఊళ్ల ఇసుకతిన్నెల మీద, మేక డెక్కను పోలిన చీలిక ఆకులతో, ఊదారంగు పూలతో కనిపించే బాలబందితీగ నిలువుగా ఎదగక నేలబారుగా పాకడానికి ఒక కారణం గాలి; నేలను రాసుకుంటూ సాగేచోట గాలి వేగం తగ్గుతుంది కనుక, ఒదిగిన మొక్క అంత త్వరగా ఎండిపోదు. హిమాలయాలలో ఘాంగరియా నుంచి సుమారు 4,300 మీటర్ల ఎత్తునున్న హేమకుండానికి ఒక్క పగటిలో నడిచి వెళ్లివచ్చేవారికి, వృక్షరేఖ, అంటే చలి వల్ల చెట్లు పెరగలేని ఎత్తు, దాటాక ఇదే ఉపాయం కనిపిస్తుంది. అక్కడి పూలమొక్కలు చాలావరకు పొట్టివి. ఎండకు వేడెక్కిన నేలను ఆనుకున్న గాలి పైగాలి కన్నా వెచ్చగా ఉండటం వల్ల, మంచు కరిగిన కొద్ది నెలల్లోనే అవి పూసి విత్తనం కట్టగలుగుతాయి. కలుపుగా తీసిపారేయకూడని బాలబందితీగ మాత్రం మరింత చేస్తుంది: కణుపు కణుపునా వేళ్లూని, కోతకు గురయ్యే తీరంలో ఇసుకను పట్టి ఉంచుతుంది, దాని విత్తనాలు సముద్రపు నీటిలో తేలుతూ పోయి దూరతీరాలలోనూ మొలకెత్తుతాయి.